డిగ్రీకి వచ్చాక భాగహారం

బి.కాం. రెండో సంవత్సరం చదువుతున్న ఒకమ్మాయి నా ఎదురుగా కూర్చుని 742ను 7తో భాగిస్తోంది. ఏడు ఒకట్ల ఏడు, పైన ఒకటి వేసింది. ఏడులో ఏడు పోతే సున్నా. నాలుగును కిందికి దించింది. నాలుగులో ఏడు పోదు. కాసేపు ఆగింది. రెండును కూడా దించి నలభై రెండు చేసుకుంది. ఏడు ఆర్లు నలభై రెండు. ఒకటి పక్కన ఆరు వేసింది. జవాబు 16. పెన్ను పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. లెక్కలు చెప్పేవాళ్ళందరికీ ఆ చూపు తెలుసు. జవాబు తప్పో ఒప్పో కాగితం చెప్పదు, సార్ మొహమే చెప్పాలి అన్నట్టు ఉంటుంది.

"ఏడుగురికి తలా పదహారు రూపాయలిస్తే ఎంతవుతుందమ్మా?" అని అడిగాను.

"నూట పన్నెండు సార్." కాగితం ముట్టుకోలేదు, ఆలోచించినట్టు కూడా లేదు. అని ఒక్క క్షణం ఆగి, "అయ్యో, ఏడొందల నలభై రెండు ఉంటే ఒక్కొక్కరికీ వందకి పైనే రావాలి కదా" అంది.

డబ్బు లెక్క ఆమెకు వచ్చు. కాగితం మీది భాగహారం రాదు. ఆ రెండూ ఒకటేనని పదేళ్ళ బడి చదువులో ఎవరూ ఆమెకు చూపించలేదు. 742లోని నాలుగు అంటే నాలుగు పదులు. ఏడుగురికి తలా ఒక పది ఇవ్వడానికి నాలుగు పదులు చాలవు, అందుకే పదుల స్థానంలో సున్నా పడాలి. జవాబు 106. ఈ ఒక్క మాట మూడు, నాలుగు తరగతుల్లోనే తెలిసి ఉండాల్సింది. తెలియకుండానే ఆమె పదో తరగతి దాటింది, ఇంటర్ దాటింది, లెక్కలు తనకు రావనే నమ్మకం మాత్రం గట్టిగా తెచ్చుకుంది.

ఇలాంటివాళ్ళు ఎందరో చెప్పడానికి మన దేశంలో ఒక మంచి కొలత ఉంది. ప్రథమ్ సంస్థ వెలువరించే 'అసర్' నివేదిక 2023లో చిన్నపిల్లల్ని వదిలి 14 నుంచి 18 ఏళ్ళ వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. 26 రాష్ట్రాల్లోని 28 గ్రామీణ జిల్లాల్లో 34,745 మందిని ఇళ్ళకు వెళ్ళి పరీక్షించారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్ళు 43.3 శాతం. ఆరేళ్ళ ముందు, 2017లో ఇదే వయసు వాళ్ళను పరీక్షించినప్పుడూ దాదాపు ఇంతే. వీళ్ళలో అత్యధికులు బడిలోనో కాలేజీలోనో పేరున్న వాళ్ళే. అంటే ఇప్పుడు డిగ్రీ తరగతుల్లో కూర్చున్నవాళ్ళలో ఎందరో ఆ 43 శాతానికి అవతల ఉన్నవాళ్ళు.

మన రెండు రాష్ట్రాల్లో దీనికి ఒక ప్రత్యేకమైన మలుపు ఉంది. పదో తరగతి ఫలితాలు వచ్చిన వేసవిలో పదిహేనేళ్ళ పిల్లలు గ్రూపు ఎంచుకుంటారు. ఎంపీసీ తీసుకున్నవాళ్ళకు లెక్కలు ఉంటాయి. హెచ్‌ఈసీ, సీఈసీల వైపు వెళ్ళేవాళ్ళలో చాలామంది ఆ సబ్జెక్టుల మీద ఇష్టంతో కాదు, లెక్కల నుంచి తప్పుకోవడానికే వెళతారు. ఆ రోజుకు ఊపిరి పీల్చుకుంటారు. ఐదారేళ్ళు తిరిగేసరికి లెక్కలు మళ్ళీ గుమ్మంలో నిలబడతాయి. ఎంబీఏ కోసం ఐసెట్ రాయాలి. అందులో 200 ప్రశ్నలకు 150 నిమిషాలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లు. తెలంగాణ ఐసెట్‌లో 75 ప్రశ్నలు అచ్చంగా లెక్కలే. ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షల్లో అర్థమెటిక్ ఉంది. బ్యాంకు, రైల్వే ఉద్యోగాలకైతే అది లేకుండా అడుగు పడదు. వీటిలో అడిగేవి కాలిక్యులస్ కాదు. శాతాలు, నిష్పత్తులు, కాలం–పని, లాభనష్టాలు. ఎనిమిదో తరగతి దాటని లెక్కల దగ్గర ఇరవై రెండేళ్ళ మనిషి ఆగిపోతాడు.

ఇది మన పేదరికం వల్ల, మన బడుల వల్ల మాత్రమే వచ్చిందనుకోవడం సరికాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియేగో క్యాంపస్ 2025 నవంబరులో బయటపెట్టిన నివేదిక ప్రకారం, కొత్తగా చేరిన విద్యార్థుల్లో దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి హైస్కూలు స్థాయి గణితం కూడా అందడం లేదు. ఐదేళ్ళలో అలాంటివాళ్ళ సంఖ్య సుమారు ముప్పై రెట్లు పెరిగిందట. ఎన్నో దేశాల పిల్లలు సీటు కోసం కలలు కనే చోటు అది.

లెక్కల భయాన్ని చదువు చెప్పేవాళ్ళు పట్టించుకుని డెబ్భై ఏళ్ళు దాటింది. 1954లో మేరీ ఫైడ్స్ గఫ్ అనే క్రైస్తవ సన్యాసిని, ఉపాధ్యాయురాలు, తన విద్యార్థుల్లో చూసినదానికి ఒక పేరు పెట్టి రాసింది. 1972లో రిచర్డ్‌సన్, సుయిన్ అనే పరిశోధకులు 98 ప్రశ్నలతో ఒక కొలబద్ద తయారుచేశారు. ఆ తర్వాతి పరిశోధనంతా ఒక రకంగా దాని సంతానమే. కాలేజీ వయసు వాళ్ళ గురించి అయితే నేను ముందుగా చెప్పే పేరు షీలా టోబియస్. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో 1970ల మధ్యలో ఆవిడ లెక్కల భయం ఉన్న విద్యార్థుల కోసం ఒక క్లినిక్ నడిపింది. తెలివైన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, లెక్కలు తప్పించుకోవడం కోసం చదువులనూ ఉద్యోగాలనూ వదులుకుంటున్నారని గమనించి 1978లో పుస్తకం రాసింది. వేసవిలో గ్రూపు ఎంచుకునే మన పిల్లల కథ అప్పటికే ఆ పుస్తకంలో ఉంది.

భయం లెక్కను ఎలా పాడుచేస్తుందో తేటగా చూపించింది మార్క్ ఆష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కర్క్‌ల 2001 నాటి పని. 46కు 27 కలపాలనుకోండి. ఆరూ ఏడూ పదమూడు. మూడు వేసి ఒకటి చేతిలో పెట్టుకోవాలి. ఆ చేతిలో ఒకటి నిజానికి చేతిలో ఉండదు, మనసులో ఒక మూల ఉంటుంది. నాలుగూ రెండూ కలిపేదాకా దాన్ని జారిపోకుండా పట్టుకోవాలి. ఆ మూల చాలా ఇరుకు. 'తప్పు చేస్తానేమో, అందరూ నవ్వుతారేమో, నాకెప్పుడూ ఇంతే' అన్న మాటలు అక్కడే చేరి కూర్చుంటే ఒకటికి చోటుండదు. కాలేజీ విద్యార్థుల మీద చేసిన ఈ ప్రయోగాల్లో, భయం ఎక్కువున్నవాళ్ళు చేతిలో పెట్టుకోవాల్సిన అవసరం లేని కూడికల్లో పెద్దగా వెనకబడలేదు. పెట్టుకోవాల్సి వచ్చిన చోట, పైగా మరో పని కూడా మనసులో మోయాల్సి వచ్చిన చోట తేలిపోయారు. ఇంట్లో వచ్చిన లెక్క పరీక్షలో ఎందుకు రాలేదో ఏళ్ళ తరబడి అర్థంకాని వాళ్ళకు ఈ సంగతి చెబితే మొహాలు విప్పారడం నేను చూశాను. మెదడు మొద్దుబారలేదు, ఆ కాసేపు ఇరుకైందంతే.

లయన్స్, బైలాక్ అనే పరిశోధకులు 2012లో ఇంకో వింత చూపించారు. భయస్తులకు 'ఇప్పుడు లెక్క రాబోతోంది' అన్న సూచన రాగానే మెదడులో శారీరక నొప్పికి స్పందించే భాగాలు చురుకయ్యాయి. లెక్క చేస్తున్నప్పుడు ఆ చురుకు కనిపించలేదు. బాధంతా గడప దగ్గరే. తరగతి గది బయట నిలబడి లోపలికి రాలేక వెనక్కి వెళ్ళిపోయే పిల్లల్ని బద్ధకస్తులనే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక అసలు పేచీ: భయం వల్ల లెక్కలు రావడం లేదా, లెక్కలు రాకపోవడం వల్ల భయం పుట్టిందా? హెంబ్రీ 1990లో 151 అధ్యయనాలను కలిపి చూశాడు. బరోసో బృందం 2021లో అంతకంటే పెద్ద రాశిని చూసింది. భయం పెరిగేకొద్దీ మార్కులు తగ్గుతాయన్నది ఖాయం, కానీ ఆ ముడి మనం ఊహించుకునేంత బిగువైంది కాదు. బరోసో లెక్క ప్రకారం సహసంబంధం −0.28 మాత్రమే. కేంబ్రిడ్జ్‌లో డివైన్, సూచ్‌ల బృందం 2018లో మరో సంగతి చెప్పింది: లెక్కల భయం ఎక్కువున్న పిల్లల్లో 77 శాతం మంది మామూలుగానో, అంతకంటే బాగానో లెక్కలు చేస్తున్నారు. అంటే భయపడే ప్రతివారికీ పునాది లేదనుకోకూడదు. పునాది లేని ప్రతివారూ భయస్తులూ కారు. అదే బృందం ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయని కూడా వాదించింది.

గానుగలా తిరిగే ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట పట్టి ఆపాలి. ఎక్కడ? భయం వైపు నుంచి పట్టుకున్న ప్రయత్నాల్లో బాగా పేరొచ్చింది, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ ఆందోళనను కాగితం మీద రాయించడం. 2011లో రమిరేజ్, బైలాక్ దీన్ని ప్రకటిస్తే ఎన్నో తరగతుల్లో మొదలుపెట్టారు. 2018లో ఇతరులు అదే ప్రయోగాన్ని మరింత మందితో తిరిగి చేస్తే ఆ ఫలితం రాలేదు. నేర్పడం వైపు నుంచి పట్టుకున్న ప్రయత్నం స్టాన్‌ఫర్డ్‌లో 2015లో జరిగింది. మూడో తరగతి పిల్లలకు ఎనిమిది వారాలు ఒక్కొక్కరినే కూర్చోబెట్టి లెక్కలు చెప్పారు. భయం గురించి ప్రత్యేకించి ఏమీ చేయలేదు. భయం ఎక్కువున్న పిల్లల్లో అది తగ్గింది, మెదడు చిత్రాల్లో కూడా తగ్గింది. చిన్న ప్రయోగం, చిన్నపిల్లల మీద. అయినా ఇన్నేళ్ళుగా నేను చూసింది దానికే దగ్గరగా ఉంది. 'భయపడకు, నువ్వు చేయగలవు' అని వందసార్లు చెప్పినా కదలని అమ్మాయి, పదుల స్థానంలో సున్నా ఎందుకు పడుతుందో అర్థమైన రోజున తనంతట తనే ఇంకో లెక్క అడిగింది. ధైర్యం చెప్పడం తప్పు కాదు, కానీ అది నేర్పడానికి బదులు కాకూడదు.

ఒక హెచ్చరిక మాత్రం ఇక్కడే చెప్పాలి. కొందరికి ఎంత నేర్పినా, ఎంత ఓపిక పట్టినా అంకెల పరిమాణమే మనసుకు పట్టదు. ఎనిమిది, ఐదుల్లో ఏది పెద్దదో చెప్పడానికి కూడా ఆలోచించుకోవాలి. దీన్ని డిస్కాల్క్యులియా అంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన ప్రత్యేక అభ్యసన వైకల్యాల్లో ఇదీ ఉంది. డిగ్రీ దాకా వచ్చినా ఎవరూ పరీక్ష చేయించనివాళ్ళు మన కాలేజీల్లో ఉన్నారు. అలాంటివాళ్ళను ఇంకో వంద లెక్కలు చేయమనడం క్రూరత్వం.

మిగిలినవాళ్ళ విషయంలో నాకు ఎప్పుడూ ఆశ కలిగించేది వాళ్ళకు అప్పటికే వచ్చిన లెక్కలు. బ్రెజిల్‌లోని రెసిఫేలో కొబ్బరిబోండాలు, పళ్ళు అమ్ముకునే ఐదుగురు పిల్లల మీద 1985లో వచ్చిన అధ్యయనం ప్రసిద్ధం. బండి దగ్గర నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే అంకెల్ని కాగితం మీద పెడితే నూటికి 37. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కే ఇతరులతో కలిసి కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద ఇంతకంటే ఎంతో పెద్ద ఎత్తున చేసిన పని 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. బజారు పిల్లలు బేరాల్లో దిట్టలు, బడి లెక్కల్లో తడబడ్డారు. బడి పిల్లలు కాగితం మీద బాగా చేసి బజారు లెక్క దగ్గర తడబడ్డారు. ఒక ఒడ్డున ఉన్న తెలివి దానంతటది రెండో ఒడ్డుకు చేరదు, వంతెన ఎవరో కట్టాలి.

మన ఊళ్ళలో ఆ వంతెనకు కావలసిన రాళ్ళన్నీ ఉన్నాయి. 'శాతం' అనగానే బిగుసుకుపోయే కుర్రాణ్ణి 'మీ నాన్న అప్పు ఎంత వడ్డీకి తెచ్చాడు?' అని అడగండి. 'రెండు రూపాయల వడ్డీ' అంటాడు. అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. యాభై వేలకు నెలకు వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు. అతను నోటితో చెప్పేశాడు. 'నూటికి' అన్న మాటే 'శాతం'. శతం అంటే నూరు. నెలకు రెండు శాతం, ఏడాదికి ఇరవై నాలుగు శాతం. పాఠ్యపుస్తకంలోని సాధారణ వడ్డీ సూత్రం ఇంట్లో చిన్నప్పటి నుంచి వింటున్న మాటేనని తెలిసిన క్షణం చాలా విలువైనది. సుమారు వెయ్యేళ్ళ కిందట పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసినప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు దించలేదు, తెలుగువాళ్ళకు తెలిసిన ఉదాహరణల్లోకి మార్చాడు. ఈ పద్ధతి మనకు కొత్తది కాదు.

భాష సంగతి కూడా ఇందులో కలిసే ఉంది. ఎక్కాలు ఏ భాషలో నేర్చుకుంటే ఆ భాషలోనే గుర్తుంటాయి. దెహేన్, స్పెల్కేల బృందం 1999లో రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ళ మీద దీన్ని పరీక్షించింది. ఒక భాషలో నేర్పిన కచ్చితమైన కూడికలు రెండో భాషలో అడిగితే జవాబు ఆలస్యమైంది. ఉజ్జాయింపు లెక్కలకు ఆ ఇబ్బంది లేదు. 'ఏడెనిమిదులు యాభై ఆరు' అని పాడుకుంటూ పెరిగి ఇంగ్లీషు మీడియం డిగ్రీలో కూర్చున్న పిల్లవాడికి ఇది రోజూ పడే భారం. అతణ్ణి తెలుగులోనే ఎక్కాలు చెప్పుకోనివ్వాలి, అందులో చిన్నతనం ఏమీ లేదు. పైగా మన అంకెల పేర్లు పిల్లలకు చేసే మేలు తక్కువది కాదు. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ముప్పై ఏడు, అరవై నాలుగు అని పదులూ ఒకట్లూ విడివిడిగా వినిపిస్తాయి. హిందీలో తొంభై తొమ్మిది దాకా దాదాపు ప్రతి సంఖ్యకూ విడి పేరు గుర్తుపెట్టుకోవాలి. స్థాన విలువ మన నోట్లోనే ఉంది.

మన సమాజం లెక్కల్లో మెచ్చుకునేది మాత్రం వేగాన్నే. పుట్టుకతో చూపులేని కడప జిల్లా గణితావధాని లక్కోజు సంజీవరాయ శర్మ వేదిక మీద అడిగిందే తడవుగా జవాబులు చెబుతుంటే జనం అబ్బురపడి చూశారు. ఆయన ప్రతిభకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఆ అబ్బురం లోంచి 'లెక్కలు వచ్చినవాడంటే టక్కున చెప్పేవాడు' అన్న కొలత మన తరగతుల్లోకి వచ్చి చేరింది. కోచింగ్ సెంటర్లు షార్ట్‌కట్లు నేర్పేది అందుకే. పునాది ఉన్నవాడికి అవి పనికొస్తాయి, తప్పుబట్టను. 742 దగ్గర 16 వేసిన అమ్మాయికి షార్ట్‌కట్ ఇస్తే ఆమె ఇంకో అర్థంకాని మంత్రాన్ని బట్టీ పడుతుంది, పరీక్ష గదిలో అదీ జారిపోతుంది. గడియారం పెట్టి చేయించే పరీక్షలే భయాన్ని పుట్టిస్తాయని గట్టిగా చెప్పేవాళ్ళున్నారు. దానికి చూపించే రుజువులు అంత గట్టివి కావు. ఎక్కాలు చురుగ్గా రావాలన్నదీ నిజమే. ఏడెనిమిదులు వేళ్ళ మీద లెక్కపెడుతుంటే భాగహారానికి మనసులో చోటెక్కడుంటుంది? ఏది ముందు అన్నదే ప్రశ్న. అర్థమయ్యాక సాధన, సాధన అయ్యాక గడియారం. మనం వెనక నుంచి మొదలుపెడుతున్నాం.

కాలేజీలు ఏం చేయాలన్నదాని మీద అమెరికాలో చేసినన్ని ప్రయోగాలు మరెక్కడా చేయలేదు. అక్కడ చాలాకాలం వెనకబడినవాళ్ళను క్రెడిట్లు లేని విడి తరగతుల్లో కూర్చోబెట్టారు. చాలామంది ఆ తరగతుల్లోనే చదువు మానేశారు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో జరిగి 2016లో వెలువడిన ప్రయోగంలో ప్రాథమిక బీజగణితం రాదని తేలిన 907 మందిని చీట్లు తీసినట్టు విడదీశారు. విడి తరగతిలో పెట్టినవాళ్ళలో 39 శాతం గట్టెక్కారు. నేరుగా కాలేజీ స్థాయి స్టాటిస్టిక్స్‌లో పెట్టి వారం వారం తోడుగా సాయం చేసినవాళ్ళలో 56 శాతం గట్టెక్కారు. ఇలాంటి ఫలితాలు చూసే కాలిఫోర్నియా 2017 చట్టంతో తన కమ్యూనిటీ కాలేజీల్లో విడి తరగతులను చాలా వరకు తొలగించింది. శాన్ డియేగో నివేదిక ఇప్పుడు దానికి అవతలి కొస చూపిస్తోంది. భాగహారం, భిన్నాలు రానివాళ్ళను నేరుగా పై తరగతిలో పెడితే తోడు సాయం కూడా చాలదు. బీజగణితంలో వెనకబడటం ఒకటి, అంకగణితంలో వెనకబడటం మరొకటి. మన కాలేజీల్లో ఎక్కువ ఉన్నది రెండోది.

చిన్నపిల్లలకైతే మనకు దారి తెలుసు. తరగతిని బట్టి కాక పిల్లవాడు ఆగిన మెట్టును బట్టి నేర్పే ప్రథమ్ పద్ధతి ఎన్నో రాష్ట్రాల్లో నిలదొక్కుకుంది. తెలంగాణ బడుల్లో 2022లో వచ్చిన 'తొలిమెట్టు' కూడా ఆ ఆలోచనతోనే మొదలైంది. డిగ్రీ విద్యార్థికి అలాంటి తొలిమెట్టు లేదు. అడగడానికి వాడికి సిగ్గు, చెప్పడానికి మనకు నామోషీ. కామర్స్ లెక్చరర్ అది లెక్కల వాళ్ళ పని అంటాడు. లెక్కల లెక్చరర్ ఇంటిగ్రేషన్ సిలబస్ పూర్తి చేయాలి.

నేను చేసేది పెద్ద పద్ధతి ఏమీ కాదు. సాయంత్రం కాలేజీ వదిలాక వారానికి మూడు రోజులు, గంట చొప్పున, తలుపు వేసుకుని కూర్చుంటాం. మొదటి రోజు మార్కులు లేని ఒక కాగితం ఇస్తాను. ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగారో దానివల్ల తెలుస్తుంది. కొందరు అప్పు తెచ్చుకునే తీసివేత దగ్గర, ఎక్కువమంది భాగహారంలో సున్నా దగ్గర, దాదాపు అందరూ భిన్నాల దగ్గర. మూడో వంతు, నాలుగో వంతు కలిపితే ఏడో వంతు అని రాసేవాళ్ళు ఎందరో. అరకు పావు కలిపితే ముప్పావు అని వాళ్ళ నోటికి వచ్చు. అక్కడి నుంచి కసాగు దాకా నడిపించాలి. ప్రతి లెక్కకూ ముందు ఉజ్జాయింపుగా జవాబు చెప్పాలి, తర్వాతే పెన్ను. ఎక్కాలు చూసి చదవడం ఉండదు, చూడకుండా గుర్తుచేసుకోవాలి, రాకపోతే చూడాలి, రెండు రోజులాగి మళ్ళీ అడగాలి. ఒక సెమిస్టరు పడుతుంది. కొందరికి రెండు.

మొన్న ఆ అమ్మాయి వాళ్ళమ్మ వేసిన చీటీ పుస్తకం తెచ్చింది. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, లక్ష రూపాయల చీటీ. ఈ నెల ఒకాయన 22,000 తగ్గించి పాడుకున్నాడు. నిర్వాహకుడి కమీషను ఐదు శాతం, ఐదు వేలు. మిగిలిన 17,000 ఇరవై మందికి పంచాలి. "వెయ్యి లోపే వస్తుంది, ఇరవై వేలైతేనే కదా తలా వెయ్యి" అనుకుని పెన్ను తీసింది. 850. ఇరవైతో హెచ్చవేసి సరిచూసుకుంది. వచ్చే నెల కట్టాల్సింది 4,150 అని పక్కన రాసి, గీత కొట్టింది. నా వైపు చూడలేదు. కాసేపటికి తలెత్తి, "మరి అంత తగ్గించి పాడుకున్నాయనకి ఎంత వడ్డీ పడినట్టు సార్?" అంది.

అది నాలుగు ప్రక్రియలతో ఒక్క వరుసలో తేలే లెక్క కాదు. కట్టే డబ్బు నెలనెలా మారుతుంది, వచ్చేది ఒక్కసారే వస్తుంది. ఒక వడ్డీ రేటు అనుకుని చేసి చూడాలి, సరిపోకపోతే మార్చి మళ్ళీ చేయాలి. ఇద్దరం కొత్త కాగితం తీసుకున్నాం.